గాలికి వేసిన తాళం

1999 జులై 21న న్యూయార్క్‌లో జరిగిన మాక్‌వరల్డ్ సభలో స్టీవ్ జాబ్స్ ఒక ఐబుక్ ల్యాప్‌టాప్‌ను చేత పట్టుకుని, అందులో వెబ్ పేజీలు తెరిచి చూపిస్తూ వేదిక మీద అటూ ఇటూ నడిచాడు. గారడీవాడు గాలిలో తేలే మనిషి చుట్టూ రింగు తిప్పి చూపిస్తాడే, అలాగే పిల్లలు నడుముకు తిప్పుకునే రింగు ఒకటి తీసుకుని యంత్రం చుట్టూ దాటించాడు. ఎక్కడా తీగ తగల్లేదు. ఆ యంత్రంలో కీబోర్డు కింద అమర్చుకునే ఎయిర్‌పోర్ట్ కార్డు ధర 99 డాలర్లు, ఇంట్లో పెట్టుకునే బేస్ స్టేషన్ ధర 299 డాలర్లు. అంతవరకూ గిడ్డంగులకూ ప్రయోగశాలలకూ పరిమితమైన వైర్‌లెస్ మామూలు ఇళ్ళలోకి రావడం అప్పుడే మొదలైంది. ఆ కార్డు 802.11బి అనే ప్రమాణం ప్రకారం, 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద, సెకనుకు గరిష్ఠంగా 11 మెగాబిట్ల వేగంతో మాట్లాడేది. అలాంటి ఐబుక్ ఒకటి ఇన్నేళ్ళూ అటక మీద భద్రంగా ఉందనుకుందాం. దింపి, దుమ్ము దులిపి స్విచ్ వేస్తే, అదృష్టం బాగుండి అది లేస్తే, ఇప్పటి రౌటర్ పేరు చాలా ఇళ్ళలో దాని తెర మీద కనబడుతుంది కూడా. ఆ పేరు మీద నొక్కి పాస్‌వర్డ్ కొడితే మాత్రం లోపలికి రానివ్వదు. పేరు కనబడుతున్నప్పుడు కలవడానికి అడ్డేమిటన్నదే ఇక్కడి ప్రశ్న.

ఇలాంటప్పుడు చుట్టుపక్కల వాళ్ళు చెప్పే తీర్పు ఒకటే: ముసలిదైపోయింది, ఇక పడెయ్యండి. ఈ తీర్పులో ఒక పొరపాటు ఉంది. ముసలితనం ఏ భాగానికి వచ్చిందో చూడకుండా చెప్పిన మాట అది. రేడియో సంగతే తీసుకోండి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 1999లోనూ పన్నెండున్నర సెంటీమీటర్లే, ఇప్పుడూ అంతే. ఒకటో ఛానెల్ మధ్యబిందువు అప్పుడూ 2412 మెగాహెర్ట్జ్ దగ్గరే ఉంది, ఇప్పుడూ అక్కడే ఉంది. అమెరికా 1985లో ఈ తరంగాలను లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది, మన దేశం 2005లో ఇచ్చింది. ఆ తర్వాత ఎవరూ వాటిని వెనక్కి తీసుకోలేదు. పైగా ప్రతి రౌటరూ సెకనుకు దాదాపు పదిసార్లు, ‘నేనిక్కడున్నాను, నా పేరు ఇది, నా పద్ధతులు ఇవి’ అని చాటింపు వేస్తూ ఉంటుంది. ఈ చాటింపును వీలైనంత నెమ్మదైన వేగంతో వేస్తుంది, దూరాన ఉన్నవాళ్ళకీ పాత యంత్రాలకీ కూడా అర్థం కావాలని. ఐబుక్ తెర మీద పేరు కనబడింది అందుకే. చెవి బాగానే ఉంది, గొంతూ బాగానే ఉంది. పాతబడింది తాళం. ఆ తాళాన్ని మార్చడానికి బలమైన కారణాలున్నాయి కాబట్టి, పాత యంత్రం కోసం ఇంటి తాళాన్ని వెనక్కి మార్చకూడదనీ, తాళం తీసే పనిని దాని చేతుల్లోంచి తీసి ఇంకొకరికి అప్పగించాలనీ ఈ అధ్యాయంలో వాదించబోతున్నాను.

వైఫైకి మొదటి తాళం 1997 నాటి ప్రమాణంతోనే వచ్చింది. దాని పేరు వెప్. తీగ ఇచ్చేపాటి గోప్యతను గాలిలోనూ ఇవ్వాలని దాని ఆశయం. రహస్యపు మాటకు ప్రతి ప్యాకెట్టుకూ మారే 24 బిట్ల సంఖ్య ఒకటి చేర్చి, ఆ రెంటినీ ఆర్‌సీ4 అనే యంత్రాంగంలో వేసి సమాచారాన్ని కలగాపులగం చేస్తుంది. ఇరవై నాలుగు బిట్లు అంటే 1,67,77,216 సంఖ్యలు. వినడానికి పెద్ద లెక్కే. కానీ 1500 బైట్ల ప్యాకెట్లు 11 మెగాబిట్ల వేగంతో ఎడతెగకుండా వెళుతుంటే ఈ సంఖ్యలన్నీ ఐదు గంటల్లో అయిపోతాయి. ఆ తర్వాత వాడినవే మళ్ళీ వాడాలి. ఒకే సంఖ్య రెండుసార్లు వస్తే పొంచి వింటున్నవాడికి పోల్చి చూసుకునే అవకాశం దొరికినట్టే. 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే ముగ్గురు ఇంతకన్నా లోతైన లోపం పట్టుకున్నారు: ఆర్‌సీ4 మొదలయ్యే పద్ధతిలోనే తాళంచెవి ఆనవాళ్ళు బయటికి కారిపోతున్నాయి. 2007లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌ పరిశోధకులు, పెద్ద తాళంచెవి వాడిన వెప్‌ను సైతం నిమిషం లోపు తెరిచి చూపించారు. ఈలోగా 2003లో డబ్ల్యూపీఏ అనే అతుకు వచ్చింది. అతుకు అని ఎందుకంటున్నానంటే, అప్పటికే అమ్ముడుపోయిన లక్షల కార్డుల చిప్పుల్లో ఆర్‌సీ4 ముద్రించేసి ఉంది. దాన్ని పీకలేరు కాబట్టి దాని చుట్టూ జాగ్రత్తలు కట్టి, సాఫ్ట్‌వేర్ ద్వారా పాత కార్డులకు అందించారు. అసలు మరమ్మతు 2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2. అందులో ఆర్‌సీ4 స్థానంలో ఏఈఎస్ వచ్చింది. ఐబుక్‌లోని మొదటి తరం ఎయిర్‌పోర్ట్ కార్డు, ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్తది చేసుకుంటే డబ్ల్యూపీఏ మెట్టు దాకా ఎక్కగలిగింది. డబ్ల్యూపీఏ2 ఎక్కడం దానివల్ల కాలేదు. ఇప్పటి ఇళ్ళలో కనీస మెట్టు అదే.

ప్రాసెసర్ చాలకనే కదా అని ఎవరైనా అడగవచ్చు. మనం కొట్టే పాస్‌వర్డ్ ఎప్పుడూ గాలిలో ప్రయాణించదు. ల్యాప్‌టాప్ ఆ పాస్‌వర్డ్‌నూ నెట్‌వర్క్ పేరునూ కలిపి 4096 సార్లు గిలక్కొట్టి ఒక పొడవైన తాళంచెవి తయారు చేసుకుంటుంది. అవతల రౌటర్ దగ్గరా అదే తాళంచెవి ఉంటుంది. ఆ తర్వాత ఇద్దరూ చెరొక యాదృచ్ఛిక సంఖ్య పంపుకుని, నాలుగు సందేశాల్లో, రహస్యం నాకూ తెలుసని దాన్ని బయటపెట్టకుండానే ఒకరికొకరు రుజువు చేసుకుంటారు. ఈ లెక్కంతా పాతికేళ్ళ కిందటి ప్రాసెసర్ కూడా తడుముకోకుండా చేస్తుంది. కనెక్ట్ అయ్యే ముందు ఒక్కసారి చేస్తే సరిపోతుంది. చిక్కు తర్వాత వస్తుంది. ప్రతి ప్యాకెట్టునూ ఏఈఎస్‌తో మూసి తెరిచే పని చాలా కార్డుల్లో వాటి సొంత చిప్పు చేస్తుంది. ఆ చిప్పుకు ఏఈఎస్ రాకపోతే, పక్కనున్న ప్రాసెసర్ ఎంత చదువుకున్నదైనా పని జరగదు. ఈ అజ్ఞానాన్ని చాలా పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లు ‘పాస్‌వర్డ్ తప్పు’ అన్న ఒక్క మాటతో సరిపెడతాయి. పాపం మనిషి, సరైన పాస్‌వర్డ్‌నే పదిసార్లు కొట్టి చూసుకుంటాడు.

అందుకని ఎక్కడ ఆగిందో చూడటం ముఖ్యం. ఆగిన చోటే కారణం చెబుతుంది. అసలు పేరే కనబడకపోతే గొడవ రేడియోదే: రౌటర్ 5 గిగాహెర్ట్జ్ మీద మాత్రమే మాట్లాడుతూ ఉండవచ్చు, పాత కార్డుకు ఆ తరంగాలు వినబడవు, లేదా రౌటర్‌లో 802.11బి వేగాలను ఆపేసి ఉండవచ్చు. మన ఇళ్ళకు బాగా వర్తించే కారణం ఇంకొకటుంది. అమెరికాలో 2.4 గిగాహెర్ట్జ్‌లో వాడేవి 11 ఛానెళ్ళు, మన దగ్గర 13. డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో అబ్బాయి తెచ్చి నాన్నకిచ్చి వెళ్ళిన పాత ల్యాప్‌టాప్ అమెరికా కోసం తయారైనదైతే, ఇక్కడి రౌటర్ 12లోనో 13లోనో ఉన్న రోజున దానికి ఆ రౌటర్ లేనట్టే లెక్క. రౌటర్ తన ఛానెల్‌ను తానే మార్చుకునే రకమైతే నిన్న పనిచేసింది ఇవాళ పనిచేయదు, ఎల్లుండి మళ్ళీ పనిచేస్తుంది. ఇంట్లోవాళ్ళు దాన్ని యంత్రం మొండితనం కింద జమకడతారు. ఛానెల్‌ను ఒకటి, ఆరు, పదకొండుల్లో ఏదో ఒకదానికి కట్టేస్తే ఆ జబ్బు వదులుతుంది. పేరు కనబడి, లోపలికి రానివ్వకపోతే గొడవ తాళానిది. అక్కడ కూడా కార్డును తిట్టేముందు సాఫ్ట్‌వేర్ చూడాలి: విండోస్ ఎక్స్‌పీకి డబ్ల్యూపీఏ2 పుట్టుకతో రాలేదు, 2008లో వచ్చిన మూడో సర్వీస్ ప్యాక్‌లో స్థిరపడింది. కార్డు సమర్థమైనదే అయినా ఆ ప్యాక్ లేక ఆగిపోయిన యంత్రాలున్నాయి. లోపలికి వెళ్ళాక 169.254తో మొదలయ్యే చిరునామా కనబడితే, రౌటర్ ఏ చిరునామా ఇవ్వక యంత్రం తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. వెప్ రోజుల్లో తాళంచెవి తప్పైనా ‘కనెక్ట్ అయింది’ అనే చూపించి, చివరికి ఈ అంకె దగ్గర తేలేది.

అన్నీ సరిగ్గా ఉండి, పేజీలు మాత్రం తెరుచుకోకపోవడం చివరి మెట్టు. చాలామంది దీన్నీ వైఫై ఖాతాలోనే వేస్తారు గానీ దీనికీ గాలికీ సంబంధం లేదు. వెబ్‌సైట్లు తాము ఫలానా అని రుజువు చేసుకోవడానికి సర్టిఫికెట్లు చూపిస్తాయి. వాటికి మొదలు తేదీ, చివరి తేదీ ఉంటాయి. పాత ల్యాప్‌టాప్ గడియారాన్ని నడిపే చిన్న బిళ్ళ బ్యాటరీ ఏనాడో చచ్చిపోయి ఉంటుంది. స్విచ్ వేసిన ప్రతిసారీ యంత్రం తాను తయారైన ఏటికి వెళ్ళిపోతుంది, ఇవాళ్టి సర్టిఫికెట్లన్నీ దానికి ఇంకా పుట్టని బిడ్డల్లా కనబడతాయి. తేదీ సరిచేస్తే కొన్ని సైట్లు తెరుచుకుంటాయి. మిగతావి అయినా తెరుచుకోకపోవడానికి కారణాలు వేరే ఉన్నాయి: రక్షణ కోసం వాడే టీఎల్‌ఎస్ పాత రూపాలను పెద్ద బ్రౌజర్లు 2020లో మూసేశాయి, ఎన్నో సైట్లూ వాటిని ఒప్పుకోవడం మానేశాయి, లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ సర్టిఫికెట్లకు ఆధారంగా ఉన్న ఒక పాత మూల సర్టిఫికెట్ గడువు 2021 సెప్టెంబర్ 30న తీరిపోయింది, కొత్త మూలం తెలియని పాత యంత్రాలకు ఆ రోజు నుంచి ఎన్నో సైట్లు అపరిచితాలైపోయాయి. రెండో తాళం ఇది. మొదటి తాళం గాలిలో ఉంటే ఇది గాలికి ఆవల ఉంది.

ఇదంతా కంపెనీలు కొత్తవి అమ్ముకోవడానికి పన్నిన పన్నాగం కాదా? అనుమానం నిరాధారమేమీ కాదు. కొన్ని పేరున్న ల్యాప్‌టాప్‌లలో, లోపలి వైఫై కార్డు తీసి మంచిది పెట్టుకుంటే, కంపెనీ జాబితాలో లేని కార్డంటూ యంత్రం లేవడానికే నిరాకరించేది. థింక్‌ప్యాడ్‌లలో 1802 అనే తప్పు సంఖ్య ఇందుకే ప్రసిద్ధి. బ్రాడ్‌కామ్ చాలాకాలం తన చిప్పుల వివరాలు బయటపెట్టకపోతే లినక్స్ స్వచ్ఛంద కార్యకర్తలు కంపెనీ సొంత డ్రైవర్‌ను విప్పి చూసి తమ డ్రైవర్ రాసుకోవలసి వచ్చింది. ఆ కంపెనీ తన కొత్త చిప్పులకు బహిరంగ డ్రైవర్ ఇచ్చింది 2010లో. ఇవి వ్యాపార నిర్ణయాలు, వీటిని సమర్థించనక్కర్లేదు. కానీ వెప్ చావు వీటి కోవలోది కాదు. దాన్ని చంపింది గణితం, ఆ గణితాన్ని లోకానికి చెప్పింది పరిశోధకులు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తే కొత్త తాళం కూడా మోసమే అనిపిస్తుంది, దాన్ని ఊడబీకడం తెలివైన పని అనిపిస్తుంది.

ఆ ఊడబీకే సలహాయే సులువుగా దొరుకుతుంది కూడా: రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్ళి సెక్యూరిటీని పాత పద్ధతికి మార్చండి, లేదా అసలు తీసేయండి. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే. రక్షణ మాట అలా ఉంచి, వేగం లెక్క చూడండి. 2009లో స్థిరపడిన 802.11ఎన్ నుంచి వచ్చిన అధిక వేగాలను వెప్‌తో గానీ డబ్ల్యూపీఏలోని పాత తాళంతో గానీ వాడకూడదని నియమం. కాబట్టి పాత యంత్రం కోసం రౌటర్‌ను అక్కడికి దించితే ఇంట్లో నిన్న కొన్న ఫోన్ సైతం 54 మెగాబిట్లకు పడిపోతుంది. పాతకీ కొత్తకీ సరిపడేలా రెండూ కలిపి పెట్టే మిశ్రమ పద్ధతి ఉంది కదా అంటే, అందులో అందరికీ ఉమ్మడిగా పంపే సందేశాలను అందరిలోకీ బలహీనమైన తాళంతోనే మూస్తారు. ఒక్కరి కోసం అందరూ దిగవలసిందే. ఇక గాలి వాటా. ఒక సమయంలో ఒక్కరే మాట్లాడాలి కాబట్టి నెమ్మదిగా మాట్లాడేవాడు ఎక్కువసేపు గాలిని పట్టుకుని కూర్చుంటాడు. 1500 బైట్ల ప్యాకెట్టు, లాంఛనాల సమయం వదిలేస్తే, 54 మెగాబిట్ల వేగంలో దాదాపు ఐదో వంతు మిల్లీసెకనులో వెళ్ళిపోతుంది. ఒక్క మెగాబిట్ వేగంలో 12 మిల్లీసెకన్లు పడుతుంది. ఒక్క నెమ్మది యంత్రం తోటివాళ్ళందరినీ తన వేగానికి దగ్గరగా లాగేస్తుందని ఫ్రాన్సులోని గ్రెనోబుల్ పరిశోధకులు 2003లోనే లెక్కగట్టి చూపించారు.

మా సందులో తాళాలు పగలగొట్టేంత చదువుకున్న దొంగ ఎవడున్నాడండీ అనేవారికి 2008 గుర్తు చేయాలి. ఆ జులై 26న అహ్మదాబాద్ పేలుళ్ళకు నిమిషాల ముందు మీడియాకు వెళ్ళిన బెదిరింపు ఈమెయిల్, నవీ ముంబైలో ఒకరి ఇంటి వైఫై మీదుగా వెళ్ళింది. దానికి సరైన రక్షణ లేదు. పోలీసులు మొదట తట్టింది ఆ ఇంటి తలుపే. బయటి ప్రపంచానికి కనబడేది కనెక్షన్ ఎవరి పేరున ఉందన్నదే. సైట్లన్నీ తమ తాళం తామే వేసుకుంటున్నాయి కదా, మళ్ళీ వైఫైకి ఎందుకన్న వాదన కొంత బలమైనది. బ్యాంకు సైటు వరకూ అది నిజమే. కానీ ఇంటి నెట్‌వర్క్‌లో బ్యాంకు సైటే కాదు, కెమెరా ఉంటుంది, ప్రింటర్ ఉంటుంది, పాస్‌వర్డ్ ఎన్నడూ మార్చని రౌటర్ సెట్టింగుల పేజీ ఉంటుంది. గాలి తాళం తీసేస్తే ఇవన్నీ వీధిలోకొచ్చి కూర్చున్నట్టే.

మరి మార్గమేమిటంటే, ల్యాప్‌టాప్ పక్కన ఉండే సన్నటి కార్డు రంధ్రాలను వదిలి చదరపు రంధ్రం వైపు చూడాలి. ల్యాండ్‌లైన్ ఫోను రంధ్రం కంటే కొంచెం వెడల్పుగా ఉంటుందే, అది ఈథర్‌నెట్. ఇప్పటి తీగల పద్ధతికి మూలమైన 10 మెగాబిట్ల ప్రమాణం 1990 నాటిది. అవతల వెయ్యి మెగాబిట్ల రౌటర్ ఉన్నా, రెండు కొసలూ తమకు చేతనైన వేగమేదో తేల్చుకుని దానికి సర్దుకుంటాయి. ఇన్నేళ్ళుగా ఈ పొత్తు చెడకపోవడానికి కారణం ఈథర్‌నెట్ గొప్పతనం ఒక్కటే కాదు. తీగ ఇంటి గోడల మధ్య ఉంటుంది, వీధిలో పోయేవాడు దాన్ని వినలేడు. కాబట్టి మామూలు ఇళ్ళలో దానికి తాళం పెట్టలేదు, పెట్టని తాళం పాతబడదు. తక్కువ ధరకే దొరికే వైఫై ఎక్స్‌టెండర్లలో ఈథర్‌నెట్ రంధ్రం ఉన్నది ఒకటి తెచ్చి, ఇంటి వైఫైతో దాన్ని కలిపి, అక్కడి నుంచి ల్యాప్‌టాప్‌కు చిన్న తీగ వేస్తే సరి. ఏఈఎస్, నాలుగు సందేశాలు, కొత్త ఛానెళ్ళు అన్నీ ఎక్స్‌టెండర్ చూసుకుంటుంది. ల్యాప్‌టాప్‌కు తాను వైర్‌లెస్‌లో ఉన్నానని కూడా తెలియదు. ఆండ్రాయిడ్ ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ పెట్టినా ఇదే జరుగుతుంది. లినక్స్ దాన్ని మామూలుగా వెంటనే గుర్తుపడుతుంది, ఎక్స్‌పీకి డ్రైవర్ అందివ్వాలి. తీగే వద్దనుకుంటే ఏఆర్9271 చిప్పు ఉన్న యూఎస్‌బీ డాంగిల్ లినక్స్‌తో నమ్మకంగా పనిచేస్తుంది. ఐబుక్ కాలం నాటి యూఎస్‌బీ సెకనుకు 12 మెగాబిట్లే మోస్తుంది గానీ, ఉత్తరాలకూ ఫైళ్ళకూ అది చాలు.

ఎక్స్‌పీ యంత్రాన్ని ఏ దారిన కలిపినా ప్రమాదమే కదా అంటే, అవును. మైక్రోసాఫ్ట్ దానికి మరమ్మతులు ఆపింది 2014 ఏప్రిల్ 8న. బ్యాంకు పనికీ పాస్‌వర్డులకూ దాన్ని వాడకూడదు, ఎక్స్‌టెండర్‌ను రౌటర్‌లోని గెస్ట్ నెట్‌వర్క్‌తో కలిపితే మిగతా ఇంటికి అది దూరంగా ఉంటుంది. మరి ఇంత తంటాలు దేనికి? తెలుగువాళ్ళకు ఇందులో ఒక ప్రత్యేక అవసరం ఉంది. యూనికోడ్ స్థిరపడక ముందు మన పుస్తకాలూ పత్రికలూ పెళ్ళి కార్డులూ చాలావరకు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో తయారయ్యాయి. ఆ ఫైళ్ళు అను లేని యంత్రంలో తెరిస్తే అక్షరాలకు బదులు పిచ్చి గుర్తులు కనబడతాయి. రచయితల ఇళ్ళలో, డీటీపీ సెంటర్లలో అవి సరిగా తెరుచుకునే చివరి యంత్రం తరచుగా ఇలాంటి పాత ల్యాప్‌టాపే. వాటిని బయటికి తెచ్చి భద్రపరచడానికి నెట్‌వర్క్ కావాలి. అలాంటి బరువులేమీ లేని యంత్రమైతే ఎక్స్‌పీ తీసేసి తేలికపాటి లినక్స్ వేసుకోవడం మేలు. యాంటిఎక్స్, పపీ వంటివి ఉన్నదే ఇందుకు. కొత్తది కొనుక్కోలేమా అంటే కొనవచ్చు. 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులు, అందులో పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసినట్టు లెక్కకు వచ్చింది 22.3 శాతం. పనిచేసే యంత్రాన్ని పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోయిందని ఆ కుప్పలో వేయడం నాకు సమ్మతం కాదు.

పాత ప్రింటర్ కోసమో, పాత ల్యాప్‌టాప్ కోసమో ఎవరో చెప్పారని ఒకప్పుడు మీ ఇంటి రౌటర్ తాళాన్ని దించి, ఆ సంగతి మరిచిపోయి ఉండవచ్చు. ఒకసారి సెట్టింగుల పేజీ తెరిచి చూడండి. అక్కడ వెప్ అనో, డబ్ల్యూపీఏ-డబ్ల్యూపీఏ2 మిశ్రమం అనో, ఓపెన్ అనో కనబడితే డబ్ల్యూపీఏ2 ఏఈఎస్‌కు, వీలుంటే దాని తర్వాత వచ్చిన డబ్ల్యూపీఏ3కి మార్చండి. ఆ తర్వాత పాత యంత్రానికి తీగ వేయండి.